సెలవు ఇవ్వడానికి తిరిగొచ్చిన రాజు (ఓరుగల్లు కథలు – 9వ భాగం)

పోయిన భాగాన్ని 1323లో ఓరుగల్లు కోట లొంగిపోయిన చోట ఆపాను. ఆ తరువాత ప్రతాపరుద్రుడు ఏమయ్యాడు? ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఢిల్లీకి తీసుకుపోతుండగా దారిలో చనిపోయాడు. తెలుగునేల ఆ ముక్కతో సరిపెట్టుకోలేదు. ఆ చావును ఒకసారి మార్చి చెప్పుకుంది, ఇంకోసారి మార్చి చెప్పుకుంది, చివరికి రాజును బతికించి ఇంటికే తెచ్చుకుంది. ఆయనను బతికించుకున్నది ఎవరు, వాళ్లకు ఆ అవసరం ఎందుకొచ్చింది అన్నదే ఈ భాగం.

ముందు కథలు అంటని రాజును ఒకసారి చూద్దాం. చందుపట్ల శాసనం వల్ల రుద్రమదేవి 1289 నవంబరు నాటికే మరణించిందని తెలుస్తుంది. ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు. అమ్మమ్మ తరువాత గద్దె ఎక్కి 1323 దాకా ఏలాడు. విద్యానాథుడు ఆయన పేరు మీదే ‘ప్రతాపరుద్రీయం’ అనే అలంకారశాస్త్రం రాశాడు. అందులో ఏ లక్షణం చెప్పినా దానికి ఉదాహరణ ఈ రాజు పొగడ్తే. దేశమంతా సంస్కృతం చదువుకున్నవాళ్లకు కాకతీయుల పేరు తెలిసింది శాసనాల కంటే ఎక్కువగా ఆ పాఠ్యపుస్తకం వల్లేనని నా అనుమానం.

ఢిల్లీ వైపు నుంచి చూస్తే ఈ రాజు రూపం వేరు. ఫార్సీ చరిత్రకారులకు రుద్రదేవుడన్న పేరు నోరు తిరగక ‘లద్దర్ దేవ్’ అని రాసుకున్నారు. 1303లో వచ్చిన ఢిల్లీ సైన్యం చేతులు ఊపుకుంటూ వెనక్కి పోయింది. 1310లో మాలిక్ కాఫూర్ ముట్టడికి మాత్రం కోట తట్టుకోలేకపోయింది. అప్పుడు రాజు ఎలా లొంగాడో అమీర్ ఖుస్రో రాశాడు: తన ప్రతిమను బంగారంతో పోత పోయించి, దాని మెడలో బంగారు గొలుసు వేసి పంపాడట. ‘నేను మీవాణ్ణి’ అని చెప్పడానికి మనిషికి బదులు బొమ్మ వెళ్లిందన్నమాట. 1318లో ఖుస్రో ఖాన్ సైన్యం వచ్చినప్పుడు కోటగోడ ఎక్కి ఢిల్లీ ఉన్న దిక్కుకు తిరిగి వంగి నమస్కరించాడని, సుల్తాను పంపిన గొడుగునూ రాజవస్త్రాన్నీ పుచ్చుకున్నాడని మళ్లీ అదే కవి రాశాడు. ఆస్థానకవి మాటల్లో అతిశయం ఎంతో కొంత ఉంటుంది, అది వేరే సంగతి. అసలు విషయం ఏమిటంటే, చరిత్రలోని ప్రతాపరుద్రుడు లౌక్యం తెలిసిన మనిషి. గాలి ఎదురైనప్పుడు వంగేవాడు, అది తగ్గగానే కప్పం ఎగ్గొట్టేవాడు. తుగ్లక్‌లు గద్దెకెక్కాక ఆ ఎత్తు పారలేదు. యువరాజు ఉలుగ్ ఖాన్ మొదటిసారి వచ్చి విఫలమై దేవగిరికి వెనుదిరిగాడు. రెండోసారి వచ్చినప్పుడు నెలల తరబడి ముట్టడి వేసి కోట పట్టాడు. ఇతనే తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టి, రాజును కుటుంబంతో, ఏనుగులతో, ధనంతో సహా ఢిల్లీకి పంపించాడు. ఈసారి బొమ్మతో సరిపోలేదు.

దారిలో చనిపోయాడన్న వాక్యం షమ్స్ సిరాజ్ అఫీఫ్ అనే చరిత్రకారుడి పుస్తకంలో ఉంది. ఆ వాక్యం అక్కడికి ఎలా వచ్చి చేరిందో చివర చెబుతాను. అదొక చిత్రమైన సందర్భం.

మన వైపు మొదటి సాక్ష్యం కోనసీమలోని విలస గ్రామానికి సంబంధించిన రాగిరేకులు. కోట పడ్డ కొద్ది ఏళ్లకే, సుమారు 1330 ప్రాంతంలో, ముసునూరి ప్రోలయ నాయకుడు ఆ ఊరిని వెన్నయ అనే బ్రాహ్మణుడికి దానమిస్తూ వేయించిన సంస్కృత శాసనం అది. దానం చిన్నదే, దాని ముందున్న ఉపోద్ఘాతం మాత్రం పెద్దది. ప్రతాపరుద్రుడు సుల్తానును ఏడుసార్లు ఓడించాడట. ఆఖరికి దైవం కలిసిరాక పట్టుబడ్డాడట. తీసుకుపోతుండగా నర్మదా తీరంలో కన్నుమూశాడట. ఆ సూర్యుడు అస్తమించగానే లోకాన్ని చీకటి కమ్మిందని, దేవాలయాలకూ అగ్రహారాలకూ ఏ గతి పట్టిందో వర్ణించి, అప్పుడు ప్రోలయ ఉదయించాడని శాసనం సాగుతుంది.

ఇక్కడే కథ మొగ్గ తొడిగింది. బంగారు బొమ్మ మాయమైంది, గోడ మీది నమస్కారం మాయమైంది, వాటి చోట ఏడు విజయాలు వచ్చాయి. ఢిల్లీ దండయాత్రలు నాలుగైదుకు మించి లెక్క తేలవు, అందులోనూ కొన్నింట మనకు మిగిలింది ఓటమి. అయినా శాసనకర్తను అబద్ధాలకోరు అనలేం. అతనికి కావలసింది మచ్చలేని రాజు, ఆ రాజు ఖాళీ చేసి వెళ్లిన గద్దె. గోదావరి ఒడ్డున రేకపల్లిలో కొత్తగా కోట కట్టుకున్న ప్రోలయకు రాజవంశపు పుట్టుక లేదు. రాజు బతికే ఉంటే అతను కేవలం నాయకుడు. రాజు నర్మద దగ్గరే పోయాడంటే, చీకట్లో దీపం పట్టుకున్నవాడే దొర. ప్రోలయ తరువాత కాపయ నాయకుడు 1336లో ఓరుగల్లునే తిరిగి పట్టుకున్నాడు.

వందేళ్లు గడిచాయి. 1423లో రాజమహేంద్రవరం రెడ్డి రాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం అదే కథను మళ్లీ ఎత్తుకుంది. శ్రీనాథుడి ‘కాశీఖండం’ అంకితం పుచ్చుకున్న వీరభద్రారెడ్డి భార్య ఈమె. ఇందులో ప్రతాపరుద్రుడు తన ఇష్టంతోనే స్వర్గానికి వెళ్లాడు. ఒక్క మాటే మారింది. కానీ ఆ మాటతో బందీ స్వతంత్రుడైపోయాడు. శత్రువు చేతిలో చావడం వేరు, శత్రువుకు దక్కకుండా పోవడం వేరు. ఆ మాటను పట్టుకునే మన చరిత్రకారుల్లో కొందరు రాజు నర్మదలో ఆత్మహత్య చేసుకున్నాడని రాశారు, బడి పుస్తకాల్లోకీ అదే ఎక్కింది. శాసనం తరువాతి భాగం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ప్రోలయ పోయాక కాపయ, అతని కొలువులో 75 మంది నాయకులు, కాపయ కూడా పోయాక ఆ నాయకులంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లి ఎవరి నేల వాళ్లు కాచుకున్నారు. వాళ్లలో ఒకడు కొండవీటి రెడ్ల మూలపురుషుడు వేమారెడ్డి. ఓరుగల్లు నుంచి కొండవీటికి, అక్కడి నుంచి రాజమహేంద్రవరానికి ఒక తీగ లాగి కట్టినట్టు లేదూ?

ఇంతవరకు రాజు చచ్చినవాడే. ఆయనను బతికించింది ఏకామ్రనాథుడు.

16వ శతాబ్ది తొలినాళ్లదిగా భావిస్తున్న ఏకామ్రనాథుడి ‘ప్రతాపరుద్ర చరిత్రము’ తెలుగులో మనకు దొరుకుతున్న తొలి వచన చరిత్రల్లో ఒకటి. దీన్నే తరువాత కాసె సర్వప్ప ద్విపదలో ‘సిద్ధేశ్వర చరిత్రము’గా చెప్పాడు, 18వ శతాబ్దిలో కూచిమంచి జగ్గకవి ‘సోమదేవరాజీయము’గా చెప్పాడు. చరిత్ర అన్న పేరు చూసి తారీఖుల కోసం దీన్ని తెరిస్తే తల తిరుగుతుంది. మూలపురుషుడు మాధవవర్మకు హనుమకొండ పద్మాక్షి వరమిస్తుంది. ప్రోలరాజు కాలంలో ఒక బండి బోల్తా పడి, దాని చక్రపు ఇనుము నేలలోని లింగానికి తగిలి బంగారంగా మారుతుంది. అది పరుసవేది లింగమని తెలిసి దాని చుట్టూ ఓరుగల్లు పట్నం కడతారు. ప్రోలుడు తండ్రిని చంపే జాతకమని పుట్టిన కొడుకును వదిలేస్తే, గుడిలో పెరిగిన ఆ పిల్లవాడి చేతిలోనే పోటు పడి మరణిస్తాడు. రుద్రమదేవి గణపతిదేవుడికి కూతురని శాసనాలు ఘోషిస్తుంటే ఈ పుస్తకం ఆమెను భార్యను చేసింది. ఏకామ్రనాథుణ్ణి తప్పుపట్టే ముందు ఒక్క మాట: ఆమె పోయిన కొద్ది ఏళ్లకే ఈ తీరం గురించి రాసిన మార్కోపోలో కూడా ఆమెను రాజు భార్యే అన్నాడు. ఆడపిల్లకు గద్దె ఇచ్చారంటే నమ్మలేకపోవడం ఒక్క దేశానికి పరిమితమైన జబ్బు కాదు.

కోట గురించి ఈ గ్రంథం ఇచ్చే లెక్క చూడండి. ఓరుగల్లు కోటకు 77 బురుజులు, వాటికి కాపలాగా 77 మంది పద్మనాయకులు, అందరూ వెలమలే. ఇవాళ వరంగల్ కోటకు వెళ్లి రాతిగోడ చుట్టూ నడిస్తే 45 బురుజులు కనిపిస్తాయి. శాసనాల్లో కనిపించే కాకతీయ నాయకులేమో ఒక్క కులంవాళ్లు కారు. రెడ్లున్నారు, వెలమలున్నారు, మరెందరో ఉన్నారు. అసలు కులం పేరు చెప్పుకోని వాళ్లూ బోలెడుమంది. ఏ ఊరివాడైనా కత్తి పట్టి పైకొచ్చే వీలున్న కొలువు అది. 77 అన్న లెక్క గోడది కాదు, రాసిన కాలంలో ఆ గోడ మీద హక్కు చెప్పుకున్న వంశాలది.

అసలు ఘట్టం ఢిల్లీలో జరుగుతుంది. బందీగా వెళ్లిన ప్రతాపరుద్రుణ్ణి సుల్తాను తల్లి చూస్తుంది. తన కొడుకులోనూ ఆ బందీలోనూ ఆమెకు దైవతేజస్సు కనిపిస్తుంది. నువ్వు విష్ణువు అంశవు, అతను శివుడి అంశ, ఇద్దరి మధ్య పగ ఏమిటి, గౌరవంగా పంపించెయ్యి అని కొడుకుకు చెబుతుంది. సుల్తాను తల్లి మాట దాటడు.

ప్రోలయ రాగిరేకుల్లో చీకటిగా కనిపించిన ఢిల్లీ రెండు వందల ఏళ్లు తిరిగేసరికి విష్ణ్వంశ అయింది! ఈ మార్పుకు ఆశ్చర్యపడనక్కర్లేదు. ఏకామ్రనాథుడి కాలానికి తెలుగు దొరలు బహమనీల దగ్గర, గోల్కొండ దగ్గర కొలువులు చేస్తున్నారు. పెద్ద రాజులను అశ్వపతి, గజపతి, నరపతి అని వరసపెట్టి చెప్పుకోవడం అలవాటైన కాలం అది. గుర్రాల దొర ఢిల్లీ సుల్తాను, ఏనుగుల దొర కటకం రాజు, మనుషుల దొర మనవాడు. ముగ్గురూ సరిసమానమైన పీఠాలు. తన రాజును ఓడించినవాడు రాక్షసుడైతే ఓటమికి అర్థం లేదు, దేవుడైతే అది ఓటమే కాదు.

విడుదలైన రాజు ఓరుగల్లుకు తిరిగొస్తాడు. వచ్చి చేసిన ముఖ్యమైన పని ఏమిటి? మళ్లీ కోట కట్టడం కాదు, మళ్లీ యుద్ధం కాదు. తన నాయకులందరినీ పిలిచి, ఇక నా కొలువు నుంచి మీకు విడుదల, ఎవరి చోట వాళ్లు రాజులై ఏలుకోండి అంటాడు.

ఈ ఒక్క మాట కోసమే రాజు తిరిగి రావలసి వచ్చిందని నేను నమ్ముతాను. మన వాడుకలో సెలవు అన్న మాటకు ఎంత బరువుందో తెలుసు కదా. ఉప్పు తిన్న ఇంటి నుంచి సెలవు పుచ్చుకోకుండా బయటికి నడిస్తే దాన్ని ద్రోహం అంటాం. రేచర్ల వెలమల పరిస్థితి ఇంకా ఇరకాటం. ప్రతాపరుద్రుడి పేరు చెప్పి ఓరుగల్లు తిరిగి సాధించిన కాపయ నాయకుడు 1368 ప్రాంతంలో భీమవరం దగ్గర పోరులో చనిపోయింది వాళ్ల చేతుల్లోనే. రాచకొండ, దేవరకొండ రాజ్యాలు ఆ విజయం మీద నిలబడ్డవే. ఏలిక బందీగా దారిలో పోయాడంటే, అతని కొలువులోని వాళ్లు తలో ముక్క పంచుకున్నారన్న నింద మిగులుతుంది. ఏలికే తిరిగొచ్చి, ఎదుట నిలబడి, ఏలుకోండని సెలవిచ్చాడంటే ఆ నింద కడిగేసినట్టే. చచ్చినవాడు సెలవు ఇవ్వలేడు. అందుకని అతను బతికి వచ్చాడు.

ఒకసారి తలుపు తెరుచుకున్నాక వారసులు చాలామంది వచ్చారు. హరిహర బుక్కలు ప్రతాపరుద్రుడి భాండాగారంలో పనిచేసి, కోట పడ్డాక కంపిలికి వెళ్లారన్న కథ విజయనగరాన్ని ఓరుగల్లుకు ముడివేసింది. అడవి దారిన ఇంకో కథ బయలుదేరింది. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లు విడిచి ఇంద్రావతి దాటి బస్తర్ చేరాడట. దంతేశ్వరీ దేవి అతని వెనుక నడుస్తానంది. నువ్వు నడిచినంత మేర నీ రాజ్యం, వెనక్కి మాత్రం చూడకూడదు అన్నది షరతు. అందె చప్పుడు వింటూ ముందుకు నడిచాడు. ఒక నది ఇసుకలో అందెలు కూరుకుపోయి చప్పుడు ఆగింది, అతను వెనక్కి చూశాడు, దేవి అక్కడే నిలిచిపోయింది. అన్నమదేవుడి పేరు కాకతీయుల శాసనాల్లో దొరకదు. దొరికేది 1703 నాటి దంతెవాడ శాసనంలో, దిక్పాలదేవుడనే బస్తర్ రాజు తన వంశం చెప్పుకుంటున్న చోట. మధ్యలో 380 ఏళ్లున్నాయి. మహారాష్ట్ర, కర్ణాటకల గుళ్ల చుట్టూ తిరిగే స్థలపురాణాల్లోనూ ఇలాంటి వెనుదిరిగి చూడడం వినిపిస్తుంది కాబట్టి అందెల ముచ్చట ఓరుగల్లు సొంతం కాదనే చెప్పాలి. అయినా బస్తర్‌లో అది బతికిన కథ. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజప్రాసాదంలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన బస్తర్ రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్‌ను అక్కడి ఆదివాసులు కొలిచింది దంతేశ్వరి పూజారిగానే.

తెలుగు మధ్యతరగతికి ప్రతాపరుద్రుణ్ణి మళ్లీ పరిచయం చేసింది మాత్రం రంగస్థలం. 1897లో వేదం వేంకటరాయ శాస్త్రి ‘ప్రతాపరుద్రీయ నాటకం’ రాశారు. రాజును ఢిల్లీకి ఎత్తుకుపోతారు. మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ వీధుల్లో తిరుగుతూ, మీ సుల్తానును పట్టుకుపోతానని నడివీధిలో బాహాటంగానే చెబుతాడు. పిచ్చివాడి కూతలని అందరూ నవ్వి ఊరుకుంటారు. రాజు పోలికలున్న చాకలి పేరిగాడు ఒక పక్క కడుపుబ్బ నవ్విస్తాడు. పాత్రకు తగ్గ భాష పెట్టినందుకు శాస్త్రిగారికి పండితుల నుంచి చీవాట్లూ తప్పలేదు. బందీ అయిన రాజు, వేషం మార్చి విడిపించే మంత్రి అన్న చట్రం ‘కథాసరిత్సాగరం’లోని ఉదయనుడి కథలో ఉన్నదే. అక్కడి మంత్రి పేరు యౌగంధరాయణుడు.

గమనించారా? ప్రోలయ కథలో నాయకుడు కత్తి పట్టిన నాయకుడు, ఏకామ్రనాథుడి కథలో దేవతాంశ రాజు, 1897 కథలో బుర్ర ఉన్న ఉద్యోగి. కలెక్టరు కచేరీలో గుమాస్తాగా, బళ్లో పంతులుగా తెల్లదొర కింద పనిచేస్తున్న ప్రేక్షకుడికి, పైకి వెర్రిబాగులవాడిలా ఉంటూ లోపల దొరనే కట్టిపడేసే మనిషి నచ్చక చస్తాడా!

ఈ కథ ఇంకా నడుస్తూనే ఉంది. 2022 జులై 7న వరంగల్‌లో మొదలైన కాకతీయ వైభవ సప్తాహానికి బస్తర్ నుంచి కమల్‌చంద్ర భంజ్‌దేవ్ వచ్చారు. కాకతీయ వారసుడికి స్వాగతం అంటూ పట్నం పట్నమంతా కదిలింది. ఏడు వందల ఏళ్ల తరువాత వంశం ఇంటికొచ్చిందని పత్రికలు రాశాయి. వంశవృక్షం సంగతి పక్కనపెడితే, ఓరుగల్లుకు తన రాజు తిరిగొస్తాడన్న ఆశ ఏకామ్రనాథుడితో పోలేదని ఆ రోజు తెలిసింది.

ఇక అఫీఫ్ వాక్యం. తైమూరు దండయాత్ర తరువాత ఫిరోజ్ షా తుగ్లక్ చరిత్ర రాస్తూ, ఆయన వజీరు ఖాన్-ఇ-జహాన్ మక్బూల్ గురించి చెబుతాడు అఫీఫ్. మక్బూల్ పుట్టింది తెలంగాణలో, అక్కడి రాజు కొలువులో పెద్ద స్థానంలో ఉన్నవాడు. రాజుతో పాటు అతన్నీ ఢిల్లీకి తెచ్చారు. రాజు దారిలో చనిపోయాడు, ఇతను ఢిల్లీ చేరి మతం మారాడు. చదవడం రాయడం రాకపోయినా రాజ్యం నడిపే తెలివికి ఢిల్లీలో సాటిలేనివాడయ్యాడు. ప్రతాపరుద్రుడి చావు గురించి ఢిల్లీ చరిత్రలో మిగిలిన ఆ కాస్త సమాచారం ఈ మనిషి జీవితకథలో ఒక అరవాక్యంగా దొర్లింది. మతం మారకముందు ఇతని పేరు కట్టు అని ఇలియట్, డౌసన్‌ల అనువాదంలో ఉంటుంది. ఫార్సీ లిపిలో ఒక చుక్కకు రెండు చుక్కలు పడితే ‘న’ కాస్తా ‘త’ అవుతుంది. ఆ అక్షరాన్ని సరిచేస్తే వచ్చే పేరు కన్ను, లేదా గన్న. మారన ‘మార్కండేయ పురాణం’ అంకితం తీసుకున్న నాగయ గన్న సేనాని ఇతనేనని, నాటకంలోని యుగంధరుడికి మూలమూ ఇతనేనని వాదించే చరిత్రకారులున్నారు.

రాజును విడిపించుకొచ్చిన మంత్రి మనకు రంగస్థలం మీద ఉన్నాడు. రాజు పోయాక ఢిల్లీలోనే ఉండిపోయిన సేనాని మాత్రం నిజాముద్దీన్ బస్తీలో ఎనిమిది పలకల సమాధిలో ఉన్నాడు. ఢిల్లీలో ఆ ఆకారంలో కట్టిన తొలి సమాధి అదేనంటారు. వచ్చే భాగంలో అక్కడికి వెళ్దాం. ఢిల్లీలో ఉన్న పాఠకులు ఈలోగా ఒకసారి చూసి రండి.